పనిచోట పలుకుబడి

ఈనాడు నేను ముచ్చటింపదలచిన విషయము పనిచోట పలుకుబడి యనునది. ఈ మాట వినగానే మనవారిలో కొందరు పెదవి విరుతురు. అది నాయకులకును దళారులకును సంబంధించిన వ్యవహారమనియు, తన పని తాను చేసికొని యింటికి పోవువానికి దానితో నిమిత్తము లేదనియు వారి భావము. నా అభిప్రాయము వేరు. పదిమంది కూడి పనిచేయు ప్రతిచోటను ఒకని మాట చెల్లును, ఒకని మాట చెల్లదు. మంచివాడు పలుకుబడి నాకక్కరలేదని తొలగిపోయినచో ఆ స్థానము ఖాళీగా నుండదు. మరియొకడు వచ్చి కూర్చుండును. వాడెట్టివాడో మనము చెప్పజాలము. కావున పలుకుబడి యెట్లు కలుగునో, దాని నెట్లు వినియోగింపవలెనో తెలిసికొనుట ఉత్తముల పనియే గాని అల్పుల పని కాదు.

కరీంనగరము, ఆదిలాబాదు సీమల పెద్దలకు ఈ విచారణ మరింత అవసరము. మన పల్లెల పిల్లలు తరతరములుగా వ్యవసాయము విడిచి బొగ్గుబావులకు పోవుచున్నారు. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపురము, గోలేటి, గోదావరిఖని అను పేర్లు వినని ఇల్లు ఈ ప్రాంతమున అరుదు. కాగజ్‌నగరమున కాగితపు మిల్లు, బసంతనగరమున సిమెంటు కర్మాగారము, రామగుండమున విద్యుత్కేంద్రము ఉన్నను, పనిచోట అనగానే మన మనస్సునకు ముందుగా తోచునది బొగ్గుబాయియే. పిల్లవానికి ఉద్యోగము కాగానే తల్లిదండ్రులు పెద్దల యొద్దకు వచ్చి, “అక్కడ మనకు తెలిసినవారెవరైన నున్నారా?” అని యడుగుదురు. ఈ ప్రశ్నకు పెద్దలు చెప్పు సమాధానమును బట్టి ఆ పిల్లవాని నడవడి సగము నిర్ణయమగును.

మొదట మాటల అర్థము తేల్చుకొందము. అధికారము, పలుకుబడి, పరపతి, పైరవి - ఈ నాలుగింటిని మనము కలగాపులగముగా వాడుచున్నాము. అధికారము పదవితో వచ్చును, పదవితో పోవును. దానికి కాగితమొకటి ఆధారము. పలుకుబడి యనగా పలికిన మాట చెల్లుట. దానికి కాగితము లేదు, ఎదుటివాని నమ్మకమే ఆధారము. పరపతి యను మాటకు అప్పు పుట్టుట యనియు అర్థము గలదు. రైతులకు ఋణములిచ్చు సంఘములకు పరపతి సంఘములని పేరు పెట్టుట మీరెరుగుదురు. ఈ రెండర్థములు ఒకే మాటలో ఇముడుట వింత గాదు. మునుపు తీసికొన్నది సరిగా తీర్చినవానికే మరల అప్పు పుట్టును. మునుపు ఇచ్చిన మాట నిలుపుకొన్నవానికే మరల మాట చెల్లును. ఇక పైరవి యనగా, తనకు హక్కు లేనిదానిని, లేదా హక్కున్నను వరుస రానిదానిని, ఒకరి చాటున సాధించుకొనుట. మొదటి మూడింటికిని ఈ నాలుగవదానికిని భేదము గుర్తింపకపోవుటయే మన చిక్కులకు మూలము.

సింగరేణి గనుల చరిత్రలో ఈ నాలుగును స్పష్టముగా కనిపించును. భూగర్భశాస్త్రశాఖకు చెందిన విలియం కింగు అను నతడు 1871లో ఇల్లెందు చేరువను బొగ్గు జాడ కనిపెట్టెను. ఆ చేరువనున్న సింగరేణి యను గ్రామము పేరే తరువాత అన్ని గనులకు పేరయ్యెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యను ఇంగ్లీషు సంస్థ త్రవ్వకపు హక్కులు పొందెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ రిజిస్టరైనది. 1945లో నిజాము ప్రభుత్వము అధికభాగము వాటాలను కొన్నది. ఈనాడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రప్రభుత్వమునకు నూటికి 49 వంతున వాటాలున్నవి. యజమానులు మారిరి, కాని గని లోపల మనిషికిని మనిషికిని నడుమ మాట చెల్లు తీరు యజమాని మారినంత మాత్రమున మారలేదు. అది వేరు సూత్రములమీద నడచును. ఆ సూత్రములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది చట్టము ఇచ్చు అధికారము. చట్టమును అనుసరించి ప్రతి గనికి ఒక మేనేజరుండును. ఆయన క్రింద అండర్ మేనేజర్లు, వారి క్రింద ఓవర్‌మన్లు, వారి క్రింద సర్దారులు. హోదాలో చూచినచో సర్దారు చిన్నవాడు. కాని అతని చేతిలో నున్న అధికారము చిన్నది కాదు. పని మొదలగుటకు ముందు తన భాగమంతయు తిరిగి, పైకప్పు ఎట్లున్నదో, గాలి వచ్చుచున్నదో లేదో, విషవాయువు చేరినదేమో పరీక్షించి, చూచినది చూచినట్లు పుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను. అపాయమున్నదని తోచినచో పనివారిని అచ్చటినుండి తొలగింపవలెను. ఇది అతనికి దయతో ఇచ్చిన స్వేచ్ఛ కాదు, చట్టము విధించిన ధర్మము. చదువులో, జీతములో తనకంటె నెంతో పైవాడు వచ్చి “ఈ పాళికి బొగ్గు తక్కువైనది, పని నడిపింపుము” అన్నను, “ఇచ్చట కప్పు బాగుగా లేదు, నడిపింపను” అని చెప్పు హక్కు సర్దారునకు గలదు.

హక్కు గలదు, నిజమే. కాని హక్కుండుట వేరు, దానిని వాడగలుగుట వేరు. ఇచ్చటనే అధికారమునకును పలుకుబడికిని సంబంధము తెలియును. ప్రతి చిన్నదానికి పని ఆపి, తన సోమరితనమును జాగ్రత్తయను పేరుతో కప్పుకొను సర్దారు నిజమైన అపాయమును చూపి ఆపుమన్న దినమున ఎవరును నమ్మరు. ఏనాడును తప్పు వ్రాయక, అవసరము లేనిచో ఆపక, తన పుస్తకమును అద్దమువలె నుంచుకొన్నవాడు ఆపుమన్నచో మేనేజరే దిగివచ్చి చూచును. కాగితమున ఇద్దరికిని ఉన్న అధికారమొక్కటియే. ఒకనికి చెల్లినది, ఒకనికి చెల్లలేదు. భేదమంతయు గడచిన దినములలో వారు నడచిన నడతలో నున్నది.

రెండవది తెలివి వలన కలుగు పలుకుబడి. గనిలో పైకప్పును కఱ్ఱతో తట్టి చూతురు. గట్టి కప్పు గంటవలె ఖణిల్లుమనును. లోపల పొర వీడిన కప్పు డొల్ల చప్పుడు చేయును. ఈ చప్పుళ్ల భేదము పుస్తకములో చదివిన తెలియును గాని, చెవికి పట్టువడుటకు ఏండ్లు పట్టును. దుంగలు నిలబెట్టు పనివానికి పదవి యేమియు లేదు. అయినను వాడు పైకి చూచి మౌనముగా నాలుగడుగులు వెనుకకు వేసెనా, ప్రక్కవారందరు తమ పారలు విడిచి వెనుకకు వత్తురు. వానిని నాయకునిగా ఎవరును ఎన్నుకొనలేదు. వాని చెవియే వానికి పదవి. పల్లెలో బావి త్రవ్వించునప్పుడు నీటిజాడ తెలిసిన వృద్ధుని మాటకు మనమిచ్చు గౌరవమిట్టిదే.

కావున పనికి పోవు పిల్లవానికి నేను చెప్పు మొదటి మాట యిది. తెలిసినవారెవరని వెదకుటకు ముందు, నీకు తెలిసినదేమో పెంచుకొనుము. పదిమందిలో ఒక్కపని నీవే బాగుగా చేయుదువని పేరు వచ్చినచో, నిన్ను వెదకికొని వత్తురు. అయితే తెలివి గలవారిలో ఒక దోషము గలదు. తన విద్య ఇతరులకు తెలిసినచో తన విలువ పోవునని దాచుకొందురు. ఇది పొరబాటు లెక్క. దాచినవానికి భయముతో కూడిన మర్యాద దక్కును. నేర్పినవానికి శిష్యులు దక్కుదురు. ఆ శిష్యులు నాలుగు గనులకు పోయినప్పుడు వాని పేరు నాలుగు గనులలో పలుకును.

మూడవది దస్తావేజు వలన కలుగు బలము. ఈ సంగతి గ్రామపెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. పట్వారీల కాలము చూచినవారు మీలో ననేకులు. పట్వారి జీతమెంత? స్వల్పము. అయినను ఊరంతయు అతనికి నమస్కరించుట ఏల? పహాణీ అతని యింట నుండెను గనుక. ఎవని పేరు ఏ గడిలో వ్రాయబడునో అతని కలము ఎరుగును. 1984లో అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దు చేసినప్పుడు, ఊళ్లలో తీసివేయబడినది జీతము కాదు, దస్తరముమీది ఏకాధిపత్యము.

గని కచేరిలోను ఇదే న్యాయము. హాజరు మస్టరు, సెలవుల పట్టిక, సర్వీసు పుస్తకము, ప్రమాదపు నివేదిక - ఇవి వ్రాయు గుమాస్తా మాట కొన్ని సమయములలో పెద్ద అధికారి మాటకంటె నెక్కువ పనిచేయును. బొగ్గుగనులలో వయస్సునుగూర్చిన తగాదాలు ఎన్నియో కలవు. ఉద్యోగమున చేరునాడు తండ్రి నోటితో చెప్పిన వయస్సొకటి, బడి సర్టిఫికెటున నున్నది వేరొకటి, కచేరి పుస్తకమున పడినది మరియొకటి. ముప్పది యేండ్ల తరువాత పదవీవిరమణ ఉత్తరము వచ్చినప్పుడు గాని వాడు మేలుకొనడు. అప్పుడు పైరవి కొరకు తిరిగి డబ్బు పోగొట్టుకొనును. చేరిన దినముననే తన పేరు, తండ్రి పేరు, పుట్టినతేది, భార్య పేరు, నామినీ పేరు సరిగా పడెనా యని చూచుకొని, నకలు తీసికొని, ఇంటి పెట్టెలో పెట్టుకొన్నవానికి ఎవరి మొగము చూడ నక్కరలేదు. నా కాగితము నా యొద్ద నున్నదన్న ధైర్యముకంటె మించిన పలుకుబడి సామాన్యునికి లేదు. ఈ పని చేయించుట గ్రామపెద్దలు కుఱ్ఱవానికి చేయగల గొప్ప సహాయము.

ఈ సందర్భమున ఇంగ్లండు బొగ్గుగనుల ముచ్చట ఒకటి చెప్పుదును. అచ్చట పనివానికి త్రవ్విన బొగ్గు తూకమును బట్టి కూలి యిచ్చుచుండిరి. తూచువాడు యజమాని మనిషి. తూకములో మోసమని పనివారు మొఱపెట్టగా, 1860 నాటి చట్టము వారికొక హక్కు ఇచ్చెను. తమ తరపున ఒక మనిషిని తూకము చూచుటకు వారే నియమించుకొనవచ్చును. వాని జీతము వారే ఇచ్చుకొందురు. ఇతడు చేయునదేమి? త్రాసు ప్రక్కన నిలబడి అంకెలు వ్రాసికొనుట మాత్రమే. కేకలు లేవు, బెదరింపులు లేవు. కాని ఇరుపక్షములకు నమ్మకమైన అంకె ఇతని పుస్తకమున నుండెను. ఇట్టివారిలో ననేకులు క్రమముగా కార్మికసంఘములకు నాయకులైరి. సరియైన లెక్క గలవాడు నాయకుడగుట ఆ దేశమునకే చెల్లిన విషయము కాదు. మన పంచాయతీలలోను అంతే.

నాల్గవది కూడిక వలన కలుగు బలము. ఒక్కని మాట వినబడనిచోట పదివేలమంది మాట వినబడును. హైదరాబాదు సంస్థానమున కార్మికసంఘములు నిర్మించినవారిలో మఖ్దూం మొహియుద్దీను, రాజ్‌బహదూర్ గౌడు ముఖ్యులు. ఆనాటినుండి సింగరేణిలో సంఘములు పెరుగుచు, చీలుచు వచ్చినవి. 1981లో జరిగిన సమ్మె 56 దినములు సాగినది. ముందు నోటీసు లేక పదిమంది కాని అంతకెక్కువమంది కాని కూడబలుకుకొని పని మానినచో ఎనిమిది దినముల కూలి వరకు కోయవచ్చునన్న చట్టపు నిబంధనయే ఆ సమ్మెకు కారణము. ఒక దినము మానినందుకు ఎనిమిది దినములా యన్నది పనివాని ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయముగా తోచినందుననే అన్ని దినములు పస్తులకు ఓర్చి నిలిచిరి. కూడిక బలము సంఖ్యలో మాత్రమే లేదు. అందరికి ఒకేవిధముగా తగులు బాధలో నున్నది.

అయితే ఈ బలమునకును మితము గలదు. 1990 ప్రాంతముల సింగరేణిలో సంఘములు లెక్కకు మిక్కిలి, సమ్మెలు సంవత్సరమునకు వందలకొలది. ఒక గనిలో దీపముల గదియొద్ద మొదలైన తగాదాకు ఆ పాళి నిలిచిపోవును; మరియొక గనిలో మరియొక కారణము. ప్రతి చిన్న నాయకునికి పని ఆపగల బలముండెను గాని, ఆగిన పనిని ఒప్పందముతో ముగింపగల బలము ఎవనికి లేకుండెను. ఆ దశకముననే సంస్థ నష్టములలో మునిగి రోగగ్రస్తపరిశ్రమల మండలి యెదుటకు పోవలసివచ్చెను. నష్టములకు బొగ్గు ధర మొదలగు ఇతర కారణములును కలవు. నెపమంతయు పనివారిమీద మోపుట న్యాయము కాదు. కాని ఒక్కమాట స్పష్టము. ఆపగలుగుట సగము బలమే. నడిపింపగలుగుట తక్కిన సగము.

దీనికి కనిపెట్టిన ఉపాయము రహస్యపు ఓటు. 1998లో సింగరేణిలో మొదటిసారిగా గుర్తింపుసంఘమునకు ఎన్నికలు జరిగెను. ఎవరికి ఎక్కువ ఓట్లు వచ్చునో ఆ సంఘముతో యాజమాన్యము మాటలాడవలెను. మొదట 1998లోను, తిరిగి 2001లోను ఏ.ఐ.టి.యు.సి. గెలిచినది. 2003లో ఐ.ఎన్‌.టి.యు.సి., 2007లో మరల ఏ.ఐ.టి.యు.సి., 2012లోను 2017లోను తెలంగాణ బొగ్గుగని కార్మికసంఘము, 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో తిరిగి ఏ.ఐ.టి.యు.సి. గెలిచినవి. ఆ చివరి ఎన్నికలో ఒక విశేషమున్నది. పదకొండు ఏరియాలలో ఆరింట ఐ.ఎన్‌.టి.యు.సి., అయిదింట ఏ.ఐ.టి.యు.సి. గెలిచినను, మొత్తము ఓట్లలో రెండవదే ముందుండుటచే గుర్తింపు దానికి దక్కినది. తక్కువ ఏరియాలు గెలిచినవాడు మొత్తమున గెలిచెను.

ఈ పట్టికను నేను ఏ సంఘమును పొగడుటకు గాని తెగడుటకు గాని చదువలేదు. ఇందులో మనకు రెండు పాఠములున్నవి. పలుకుబడి ఇనాము భూమి కాదు, కౌలు భూమి వంటిది. దున్నుచున్నంత కాలమే మనది. బీడు పెట్టినచో గడువు ముగియగానే మరియొకనికి పోవును. ఇది మొదటి పాఠము. ఇక రెండవది. రహస్యపు ఓటు వచ్చిన తరువాత నాయకుడు పనివాని భుజముమీద చేయి వేయుట మాత్రమే చాలదు. ఆ భుజము నిజముగా తనదేనా యని ఎన్నిక దినము వరకు తెలియదు. గొంతు పెద్దదగువానికి గాక, ఇంటికి వచ్చి ఆసుపత్రి కాగితము వ్రాసి పెట్టినవానికి ఓటు పడిన ఉదాహరణములు అనేకములు. కాని ఈ ఓటు పర్మనెంటు పనివారికి మాత్రమే కలదు. అదే బొగ్గు దుమ్ములో పనిచేయు కాంట్రాక్టు కూలీలకు లేదు. ఓటు లేనివానిని గూర్చి అడుగు నాయకుడే నిజమైన నాయకుడని నా తలంపు.

అయిదవది స్థానము వలన కలుగు బలము. పొలమునకు నీరు పారించు కాలువలో తూము ఎక్కడ నున్నదో అచ్చటి మనిషికి బలమెక్కువ. 2011 సెప్టెంబరు 13న సకలజనుల సమ్మె మొదలైనప్పుడు తెలంగాణమున ఎందరెందరో ఉద్యోగులు పని మానిరి. అందరి త్యాగమును గొప్పదే. కాని సింగరేణి పనివారు బాయి దిగుట మానినప్పుడు విద్యుత్కేంద్రములకు బొగ్గు తగ్గి, ఆ సంగతి దూరపు నగరములలోను దీపము దీపమునకు తెలిసినది. వారు సంఖ్యలో ఎక్కువవారగుట వలన కాదు, తూము వారి చేతిలో నుండుట వలన ఆ బలము కలిగినది. ప్రతి కచేరిలోను, ప్రతి కర్మాగారములోను ఇట్టి తూములు కొన్ని యుండును. తాళపుచెవి గలవాడు, బిల్లు దాటించువాడు, యంత్రము మరమ్మతు చేయువాడు - ఇట్టివారు తూముల కడనున్నవారు. తూము మూసి లాభము పొందువాడొకడు. తూము సమయమునకు తెరచి పదిమంది పంట కాచువాడొకడు. మొదటివానికి భయపడుదురు, రెండవవాని మాట విందురు. భయము బదిలీ ఉత్తరముతో తీరిపోవును, మాట మిగులును.

ఇక పైరవినిగూర్చి. బావి లోపలి పనినుండి పైపని కావలెనని, తన ఊరికి దగ్గరి గనికి బదిలీ కావలెనని, క్వార్టరు కావలెనని మనిషి కోరుకొనుట సహజము. నిజముగా నడుము విరిగినవాడు, ఊపిరి చాలనివాడు పైపని అడుగుట అతని హక్కు. కాని ఆరోగ్యవంతుడొకడు డబ్బిచ్చియో, పెద్దవాని పేరు చెప్పియో ఆ పైపని సంపాదించినచో, నడుము విరిగినవాడు ఇంకొక సంవత్సరము లోపలనే నుండవలెను. పైరవిలో నష్టపోవువాడు ఎదుట కనబడడు. అందుచేత పాపము తోచదు. గ్రామపెద్ద తన కుఱ్ఱవాని కొరకు చీటి వ్రాయునప్పుడు ఈ కనబడని మనిషిని తలచుకొనవలెను. మఱియు పైరవిచే పైకి వచ్చినవాడు ఎన్నడును స్వతంత్రుడు కాడు. ఎవడు ఎక్కించెనో వాడు దింపుననెడి భయము వానిని వెంటాడును. ఉద్యోగమిప్పింతుమని డబ్బు తీసికొని మాయమగు దళారుల సంగతి ఈ సీమలో తెలియనివారు లేరు. ఎకరము అమ్మి యిచ్చిన పైకము ఏ కోర్టులోను సులభముగా రాదు.

సహాయము అడుగుటయే తప్పని నా భావము కాదు. “ఈ పిల్లవాడు మా ఊరివాడు, నమ్మకస్తుడు, పని నేర్పుడు” అని చెప్పుట సిఫారసు. చెప్పినవాడు తన పరపతిని పూచీ పెట్టుచున్నాడు. “వీని తప్పు కప్పిపుచ్చుడు” అని చెప్పుట పైరవి; చెప్పినవాడు తన పరపతిని అమ్ముకొనుచున్నాడు. ఈ గీటు పెద్దలు దాటకున్నచో వారి మాటకు గని కచేరిలోను విలువ నిలుచును.

పలుకుబడి గడించిన తరువాత దాని నెందుకు వినియోగింపవలెను? ఈ ప్రశ్నకు సింగరేణి చరిత్రలోనే కఠినమైన ఉత్తరమున్నది. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడవ ఎల్‌.ఇ.పి. గనిలోనికి నీరు ఒక్కసారిగా చొచ్చివచ్చి 17 మంది పనివారు మరణించిరి. ఆ పదునేడు ఇండ్లలో అన్నము వండి ఎదురుచూచినవారి సంగతి ఊహించుకొనుడు. గనిలో ప్రమాదము సామాన్యముగా చెప్పకుండ రాదు. ఎక్కడనో ఒక చెమ్మ, ఎక్కడనో ఒక చప్పుడు, ఒక దుంగ వంగుట - ఎవడో ఒకడు చూచియే యుండును. చూచినవాడు చెప్పగలిగెనా, చెప్పినచో విన్నవాడు వినగలిగెనా యనునదే ప్రశ్న. నేను ప్రత్యేకముగా ఏ ప్రమాదమునుగూర్చియు తీర్పు చెప్పుటలేదు. అది విచారణసంఘముల పని. కాని చిన్నవాడు చెప్పిన మాట పెద్దవాని చెవికి ఎక్కు మార్గము ముందుగా నేర్పరచి యుంచుట అందరి పని.

చట్టము ఇందులకు కొన్ని మార్గములు చూపినది. గనుల నిబంధనలను అనుసరించి భద్రతాసంఘములు కలవు. వానిలో పనివారి ప్రతినిధులు కూర్చుందురు. పనివారి తరపున గని తనిఖీ చేయువారును కలరు. కాని సంఘములో కుర్చీ యున్నంత మాత్రమున మాట యున్నట్లు కాదు. టీ త్రాగి సంతకము పెట్టి వచ్చు ప్రతినిధి యొకడు, “పోయిన నెల వ్రాసిన పని ఏమైనది?” అని పుస్తకము తెరచి అడుగు ప్రతినిధి యొకడు. తన బంధువుల బదిలీ కొరకు అధికారి యొద్ద నాలుగుసార్లు చేయి చాపినవాడు, అయిదవసారి పైకప్పు బాగుగా లేదని గట్టిగా చెప్పజాలడు. వాని నోరు వాని ఋణమే మూయును. పలుకుబడిని చిల్లరకు ఖర్చు పెట్టినవానికి అవసరమైన దినమున చేతిలో కాసు మిగులదు. ఇందుచేతనే పొదుపు చేయుడని నేను చెప్పుట. ప్రాణములు నిలుపవలసిన దినము ఎప్పుడు వచ్చునో తెలియదు.

మరియొక మార్పును గమనింపవలెను. స్త్రీలు భూగర్భగనులలో దిగుట చాలకాలము నిషిద్ధమై యుండెను. 2019లో కేంద్రప్రభుత్వము కొన్ని నియమములతో ఆ నిషేధము సడలించినది. మన ప్రాంతపు బాలికలు గనుల చదువు చదివి, సర్టిఫికెట్లు పొంది, పనిలో చేరుచున్నారు. ఒకవైపు పర్మనెంటు పనివారి సంఖ్య లక్షకు పైబడియుండిన కాలము పోయి, నలుబదివేల దరికి వచ్చినది. యంత్రములు పెరిగినవి, ఓపెన్‌కాస్టు గనులు పెరిగినవి. ఇట్టి కాలమున కండబలముతోను కేకతోను వచ్చు పలుకుబడి తరుగును. చదువుతోను, లెక్కతోను, మాటనిలుకడతోను వచ్చునది పెరుగును. ఆడపిల్ల సర్దారుగానో అధికారిగానో వచ్చి పుస్తకమున “అపాయము” అని వ్రాసిననాడు, వ్రాసినదెవరని చూడక వ్రాసినదేమని చూచు అలవాటు ఇంటిలోనే మొదలు కావలెను.

గ్రామమునుండి పనికి పోవువారికి పెద్దలు చెప్పదగిన మాటలు నాకు తోచినంతవరకు ఇవి. నీ పని నీవు పూర్తిగా నేర్చుకొనుము; నేర్చినది ప్రక్కవానికి నేర్పుము. నీ కాగితములు నీ యొద్ద నుంచుకొనుము. ఇచ్చిన మాట చిన్నదైనను నిలుపుకొనుము. నిలుపలేని మాట ఇయ్యకుము. అధికారితో నలుగురియెదుట వాదింపక ముందు ఒంటరిగా చెప్పుము. వినకున్నచో కాగితముమీద వ్రాసి ఇమ్ము. అప్పటికిని వినకున్నచో సంఘమునకు చెప్పుము. ఈ మెట్లు దాటక కేక వేసినవానికి కేక మాత్రమే మిగులును. నీకు జరిగిన ఉపకారము మరువకుము, నీవు చేసినది లెక్క పెట్టకుము. నీ క్రిందివానిని పేరు పెట్టి మర్యాదగా పిలువుము; వాడు నీకంటె ముందు అపాయమును చూడగలవాడు.

చివరగా పెద్దలకొక మనవి. మీ మాట చెల్లును గనుకనే మీ యొద్దకు వత్తురు. కుఱ్ఱవాడు వచ్చి తెలిసినవారెవరని అడిగినప్పుడు పేరొకటి చెప్పి పంపుట సులభము. దానికి ముందు వాని యొద్ద సర్టిఫికెటున్నదా, పేరు సరిగా నున్నదా, పని యేమి వచ్చును, భయమేమి యున్నది అని నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఆ నాలుగు ప్రశ్నలకు సమాధానము సిద్ధము చేసికొని పోవువాడు ఏ గనికి పోయినను, ఏ కచేరికి పోయినను, కొన్ని యేండ్లకు తానే పదిమందికి తెలిసినవాడగును. అప్పుడు వాని మాట చెల్లును; ఆ మాట ఒకనాడు ఒక పైకప్పు క్రిందినుండి పదిమందిని వెలుపలికి తెచ్చినచో, అంతకుమించిన పలుకుబడి మరియొకటి లేదు.